నూకరత్నం చెయ్యి ఆగిన చోటు

తెర మీద హీరో ఏటిగట్టు ఎక్కి, రెండు చేతులూ బార్లా చాపి, “ఆగు!” అని కేక వేశాడు. వరద ఆగిపోయింది.

కొబ్బరిచెట్టంత ఎత్తున విరుచుకుపడబోయిన నీళ్లు, బెత్తం చూసిన బడిపిల్లల్లా ఎక్కడివక్కడ నిలబడ్డాయి. ఆ తర్వాత బుద్ధిగా వెనక్కి నడిచాయి. హీరో మీసం సవరించుకున్నాడు. వెనకనుంచి డప్పులు మోగాయి.

యానాంలో ఉదయం ఆట. సగం హాలు తిప్పలంక జనమే. తమ ఊళ్లో అరవై రోజులు తీసిన సినిమా కదా అని పడవలు కట్టుకుని, చంటిపిల్లల్ని చంకనేసుకుని, తీర్థానికి వచ్చినట్టు వచ్చారు. వాళ్లంతా గోదారి మధ్య లంకలో పుట్టి, ఏటా వరదొస్తే గిన్నెలు అటకెక్కించి, మేకల్ని గట్టెక్కించి బతికినవాళ్లు. ముందు వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతలో వెనక వరసలోంచి ఎవడో గొంతెత్తాడు.

“ఈయన్ని మొన్న వరదకే పిలవాల్సిందిరా! మా పాక మిగిలేది.”

“కేకకి ఎంత తీసుకుంటాడో అడగరా!” అని ఇంకొకడు.

హాలు గొల్లుమంది. ఆ సీను ఎంతకీ అవ్వదే! వరద మళ్లీ వచ్చింది, హీరో మళ్లీ కేక వేశాడు. జనం లేచి మిరపకాయ బజ్జీలకి పోయి, తిని, మూతి తుడుచుకుని వచ్చినా ఇంకా అదే గట్టు, అదే కేక.

నాలుగో వరసలో కూర్చున్న నూకరత్నం మాత్రం నవ్వలేదు. పైట తల మీదికి లాక్కుని, ఒళ్లో చేతులు ఒకదానికింద ఒకటి దాచుకుని కూర్చుంది. ఆ సీను బాగుందని డైరెక్టరుగారికి చెప్పింది ఆవిడే. నోటితో కాదు, ఆ చేతులతోనే.

ఈ సంగతి అర్థం కావాలంటే పన్నెండేళ్లు వెనక్కి వెళ్లాలి. డైరెక్టరు సదానందం గారు అప్పటికి ఒక్క సినిమా కూడా తీయలేదు. అమలాపురం దగ్గరివాడు, బక్కపల్చని మనిషి. సినిమాకి చోటు వెతుక్కుంటూ తిప్పలంక వచ్చి, వాన పట్టుకుంటే నూకరత్నం అరుగెక్కాడు. వెంట వచ్చిన కుర్రాడికి ఏదో కథ చెబుతున్నాడు. నూకరత్నం తన పాటికి తను కత్తిపీట ముందు చేపలు కోసుకుంటోంది. వినాలని వినలేదు, చెవులకి తలుపులుండవు కదా. కథలో ఒక ముసలాడు, చచ్చిపోయిన కొడుకు పడవని రోజూ కడిగి రేవుకి కట్టేస్తాడట. ఆ మాట దగ్గర ఆవిడ చెయ్యి చేప మీదే ఆగిపోయింది. పిల్లి వచ్చి తలకాయ ఎత్తుకుపోయినా చూసుకోలేదు. సదానందం గారు చూశాడు. చూసి, చప్పుడు చేయకుండా కాగితం మీద ఏదో గీసుకున్నాడు.

అదే ‘రేవుమెట్టు’ సినిమా అయింది. సినిమా అంటే మొహం చిట్లించే మేస్టార్లు కూడా రెండేసిసార్లు చూశారు. రాజమండ్రిలో వందరోజుల పండగ చేస్తే, నూకరత్నాన్నీ ఆవిడ మొగుడు గంగయ్యనీ కారు పంపి పిలిపించి ముందు వరసలో కూర్చోబెట్టారు. సదానందం గారు మైకు పట్టుకుని అన్నాడు కదా:

“మన జిల్లాల్లో ‘ఎలా ఉందండీ’ అని అడగడమంత దండగమారి పని ఇంకోటి లేదు. వండిపెట్టింది విషమైనా సరే, ‘అమోఘమండి, కాస్త ఘాటు తగ్గితే ఇంకా బాగుండునండి’ అంటాం. ఎదటి మనిషి మొహం మీద బాలేదని అనడం మన ఇంటా వంటా లేదు. అందుకని నేను నోళ్లు నమ్మను. తిప్పలంకలో నూకరత్నం గారు చేపలు కోస్తుంటే ఎదురుగా కూర్చుని కథ చెబుతాను. ఎక్కడ ఆవిడ చెయ్యి ఆగితే అక్కడ సినిమా ఉన్నట్టు. ఆగకపోతే ఇంటికెళ్లి ఇంకో కథ రాసుకుంటాను.”

జనం చప్పట్లు కొట్టారు. నూకరత్నం సిగ్గుపడి నవ్వింది. తన చెయ్యి ఆగిందని ఆవిడకి అప్పుడే తెలిసింది. అలా తెలియకుండా ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత తర్వాత చాలాసార్లు అనుకుంది.

రెండో సినిమా ‘అద్దరి’. సదానందం గారి సొంత అమ్మ కథ. అవతలి ఒడ్డున ఎవరింట్లోనో పనికి కుదిరిన తల్లి, ఏరు దాటించే పంటు మీద వెళ్లిపోతుంటే, పిల్లాడు గట్టు మీద పరిగెడతాడు. తన ఏడుపు వాడికి కనబడకూడదని తల్లి మొహం అటు తిప్పుకుంటుంది. ఇది చెబుతున్నప్పుడు సదానందం గారి గొంతే బొంగురుపోయింది. ఈసారి చెయ్యి చూస్తున్నాడని నూకరత్నానికి తెలుసు. తెలిసీ మర్చిపోయింది. కోడలు బేబి వచ్చి, “అత్తా, వేలు తెగుతాదే” అని కత్తిపీట పక్కకి జరిపేదాకా ఆవిడ ఈ లోకంలో లేదు. ఆ సినిమాకి ఢిల్లీలో పతకం ఇచ్చారు. కానీ పతకానికి వచ్చినంతమంది హాలుకి రాలేదు. ఆ తర్వాత ఐదేళ్లు సదానందం గారికి సినిమా లేదు.

నిరుడు వచ్చాడు. పంటు మీద పట్టనంత పెద్ద కారు. అవతల రేవులో వదిలేసి వచ్చాడు. వెంట నిర్మాత తరఫున ఒక మనిషి, చెవిలోంచి ఫోను తీయడు. ఈసారి హీరో అంటే అల్లాటప్పా హీరో కాదు. ముప్పై ఏళ్లుగా జనం దేవుడి పటం పక్కన పెట్టుకున్న హీరో. కంటి చివరి కదలికతో హాలంతటినీ ఏడిపించినవాడు. ఆయనకి సదానందం గారి డైరెక్షన్ అంటే పాలలో పంచదార పడ్డట్టే అనుకున్నారంతా.

వాళ్లు వస్తున్నారని తెలిసిన సాయంత్రమే అప్పాజీ నూకరత్నం ఇంటికొచ్చాడు. ఊళ్లో పడవలవాళ్లకి పెద్ద. వరసకి కొడుకవుతాడు.

“పిన్నీ, అరవై రోజుల షూటింగంట. పడవలన్నీ అద్దెకి. వంటలు మన ఆడోళ్లవే. రెండేళ్లయి వలలో రాళ్లు తప్ప పడ్డం లేదు. నీకు తెలీందేముంది?”

“ఐతే నన్నేం చెయ్యమంటావురా?”

“నువ్వేం అబద్ధం ఆడక్కర్లేదు. నోరే తెరవక్కర్లేదు. ఎక్కడో ఓ చోట క్షణం చెయ్యి ఆపు. అంతే.”

“అది మోసం కాదేంట్రా?”

“నడుం నొప్పెడితే ఆపవేంటి? అలాగే అనుకో.”

గంగయ్య బీడీ ఆర్పుతూ, “ఇంటికొచ్చినోడిని ఉత్తచేతుల్తో ఎందుకు పంపడం? ఆయనకి మాత్రం సినిమా అక్కర్లేదా?” అన్నాడు. ఆ మాట నూకరత్నానికి నచ్చింది. ఊరి కోసం అంటే కాస్త గుచ్చుకునేది గానీ, ఆయన కోసమే అనుకుంటే మర్యాదగా ఉంది. అలాగే అనుకుంది.

మర్నాడు సదానందం గారు కథ మొదలెట్టాడు. మనిషి బాగా వాడిపోయాడు. జుట్టు నెరిసింది. ఇదివరకు కథ చెబుతుంటే కళ్లు ఎక్కడో ఉండేవి. ఈసారి మాత్రం రిపోర్టులు డాక్టరు ముందు పెట్టి కూర్చున్న రోగిలా, ఆవిడ చేతుల్నే చూస్తూ చెప్పాడు. సినిమా పేరు ‘గట్టు మీద సింహం’. హీరో పుట్టాడు, పెరిగాడు, ఒకణ్ణి కొట్టాడు, పదిమందిని కొట్టాడు. నూకరత్నం కోస్తూనే ఉంది. ఎక్కడ ఆపాలా అని చూస్తోంది. చెల్లెలి పెళ్లి వచ్చింది. ఇక్కడా? అబ్బే, ఎక్కడో విన్నట్టుంది. విలన్ వచ్చాడు, పోయాడు. చేటలో చేపలు అయిపోవస్తున్నాయి. ఇంకా రెండే ఉన్నాయి. అవి కూడా కోసేస్తే ఆపడానికి ఏమీ మిగలదు. సరిగ్గా అప్పుడు కథలో హీరో గట్టెక్కి, వరదని ఆగమని కేక వేశాడు.

నూకరత్నం చెయ్యి ఆపేసింది.

సదానందం గారి మొహంలో దీపం వెలిగినట్టయింది. “చూశారా!” అన్నాడు నిర్మాత మనిషితో. ఆ తర్వాత నూకరత్నం వైపు తిరిగి, “నిజం చెప్పొద్దూ, ఆ సీను తీసేద్దామనుకున్నానండి. మరీ అతిగా ఉందేమో అనిపించింది. వరద చూసిన మనిషి మీరు. మీరే ఆగారంటే ఇంకేం కావాలి? దాన్నే పెంచుతాను,” అన్నాడు.

‘వద్దు బాబూ’ అనే మాట గొంతుదాకా వచ్చింది. ఎనభయ్యారు వరదలో, పెళ్లయిన కొత్తలో, కొప్పులో ఉన్న పూలు కూడా వాడకముందే, కొబ్బరిచెట్టుకి చీరతో తనని తాను కట్టుకుని రెండు రోజులు వేలాడిన మనిషి ఆవిడ. కేకలు వేసి వేసి గొంతు పోయింది తప్ప నీళ్లు అంగుళం కూడా తగ్గలేదు. ఆ సంగతి ఆవిడ చెప్పగలదు. చెప్పలేదు. “మంచిదండి” అంది.

అంతే జరిగింది. మిగతాదంతా దాని వెనకే వచ్చింది: కొబ్బరికాయ కొట్టడం, అరవై రోజుల సంబరం, ఊళ్లో ప్రతి పొయ్యి మీదా పెద్ద తపేలాలు, చివర్న గుమ్మడికాయ కొట్టి అందరికీ దండాలు పెట్టడం. సినిమా విడుదలకి ముందు జరిగిన సభలో సదానందం గారు మళ్లీ ఆవిడ పేరు చెప్పాడు. “నా సెన్సారు బోర్డు తిప్పలంకలో ఉంది” అన్నాడు.

హాల్లోంచి బయటికొచ్చాక గంగయ్య, “ఏమే, హోటల్లో భోంచేసి పోదామా?” అన్నాడు. నూకరత్నం రేవు వైపు నడిచింది. పడవలో అందరూ ఎక్కాక మొదలైంది.

“పిన్నీ,” అన్నాడు అప్పాజీ, అందరికీ వినబడేలా, “అన్ని చోట్లుండగా ఆ వరద దగ్గరే ఎలా ఆపావే నువ్వు?”

“నువ్వే కదరా ఆపమన్నావు?”

“ఆపమన్నాను గానీ అక్కడ ఆపమన్నానా?”

పడవ ఊగేలా నవ్వారు. అరవై రోజులు ఆ సినిమా తిండి తిన్నవాళ్లే అందరూ. నూకరత్నానికి తల కొట్టేసినట్టయింది. నవ్వినందుకు కాదు. వాళ్లు నవ్వొచ్చు, వాళ్లని ఎవరూ నమ్మలేదు కాబట్టి.

నెల తిరక్కుండానే ఆ సినిమా హాళ్లలోంచి పోయింది. నవ్వులు మాత్రం పోలేదు. యానాం బజార్లో చేపల గంప ముందు కూర్చుంటే, పక్క గంప శ్యామలాంబ, “అక్కా, ఈ పండుగప్ప తాజాదేనా? నీ చెయ్యేమంటోంది?” అనేది. బేరానికొచ్చినవాళ్లు కూడా, “నువ్వేనా ఆ ఆవిడవి?” అని ఫోను ఎత్తి ఫొటో తీసుకునేవారు. వారం రోజులు చూసి నూకరత్నం బజారు మానేసి, గంప బేబికి అప్పజెప్పింది.

ఒకరోజు బేబి ఫోను తెచ్చి చూపించింది. సదానందం గారిని ఎవరో కుర్రాడు ప్రశ్నలడుగుతున్నాడు. “తిప్పలంకలో ఒకావిడ చెప్పిందనే కదా సార్ ఆ వరద సీను పెట్టారు? ఆవిడ మీద కోపం లేదా?” అని.

సదానందం గారు కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత, “ఆవిడకేం సంబంధం లేదండి. నేనే సరిగ్గా చూసుకోలేదు. తప్పు నాది. ఆవిడ పేరు ఇందులోకి లాగకండి. మీకు దణ్ణం పెడతాను,” అని నిజంగానే చేతులు జోడించాడు.

“కింద ఏదో రాశారేంటే?” అంది నూకరత్నం.

“ఏం లేదత్తా. బాగుందనే రాశారు,” అని బేబి ఫోను తిప్పేసింది.

తిట్టి ఉంటే ఎంత బాగుండేది! ఊరంతా నవ్వినా, తెలియనివాళ్లు తిట్టినా ఒక ఎత్తు. ఆ మనిషి తనని వెనకేసుకు రావడం ఒక ఎత్తు. ఆ రోజు నూకరత్నం అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయింది. గంగయ్య, “సినిమా అన్నాక ఆడుద్ది, పోద్ది. ఎంత పెద్దోళ్లకైనా తప్పదు. దానికి నువ్వు తిండి మానేస్తే ఆడుద్దా?” అన్నాడు. నిజమే. చేయి తిరిగినవాళ్లు కూడా ఒక్కోసారి చెత్త సినిమా తీస్తారు. కానీ అది చెత్త అని ముందే తెలిసిన మనిషి ఒకత్తె ఉంది. ఆవిడని ఆయన వెతుక్కుంటూ వచ్చి మరీ అడిగాడు. గంగయ్య మాట ఆ ముల్లుని తీయలేకపోయింది.

భాద్రపదంలో ఒక పొద్దున సదానందం గారు వచ్చాడు. కారు లేదు, వెంట మనుషుల్లేరు. పంటు దిగి, గట్టు మీద బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. చంకలో ఒక నోటుపుస్తకం.

“బాగున్నారాండి?” అన్నాడు.

“ఆయ్. రండి బాబుగారూ. కూర్చోండి.” నూకరత్నం గబగబా పీట వేసింది. పెరట్లో బొమ్మిడాయి చేపలు ఉన్నాయి, బూడిదతో రుద్దుతోంది. బేబి బజారుకి, మగాళ్లు వలకి పోయారు. ఇంట్లో తనొక్కతే.

సదానందం గారు పీట జరుపుకుని ఆవిడకి ఎదురుగా కూర్చున్నాడు. పుస్తకం తెరిచాడు. “చిన్న కథండి. పెద్ద హీరోలెవరూ లేరు. డబ్బు పెట్టేవాళ్లు కూడా లేరనుకోండి. అయినా ముందు మీకు చెప్పాలనిపించింది. మీరు మీ పని చేసుకోండి.”

నూకరత్నం చేతిలోని బొమ్మిడాయి జారి చేటలో పడింది. ఇప్పుడు గానీ నోరు మూసుకుని కూర్చుంటే ఈయన మళ్లీ తన చేతులే చూస్తాడు. ఈసారి నిజంగానే చెయ్యి ఆగినా, అది ఆగిందో తనే ఆపిందో తనకే తెలియదు.

“బాబుగారూ, కథ చెప్పకండి. ముందు నేనొకటి చెప్పాలి.”

“చెప్పండి.”

“నిరుడు ఆ వరద కాడ... నేను కావాలని ఆపానండి. ఊళ్లోకి షూటింగ్ రావాలని. మావోళ్లు ఆపమన్నారు. వాళ్లన్నారని కాదులెండి, నేనే ఆపాను. ఆ కథ నాకెక్కడా నచ్చలేదు. ఆ వరద అయితే అసలు... నవ్వొచ్చిందండి నాకు. నవ్వు ఆపుకున్నాను.”

సదానందం గారు పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయాడు. పెరట్లో కోడి ఒకటి బూడిద కుప్ప కెలుకుతోంది. దాన్ని అదిలించడానికి కూడా నూకరత్నానికి చెయ్యి లేవలేదు.

“మీకు ముందే తెలుసాండి?” అంది చివరికి.

“లేదండి,” అన్నాడు ఆయన. “నాకు తట్టనే లేదు.”

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే తేలికగా ఉండేది. పుస్తకం మూస్తూ, మెల్లిగా అడిగాడు.

“మరి ‘అద్దరి’ కథకి?”

నూకరత్నానికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేటని పక్కకి తోసేసింది.

“అయ్యో, బాబుగారూ! అది నిజమండి. నిజంగా ఆగింది. మా బేబిని అడగండి. వేలు తెగబోతే అదే కత్తిపీట లాగేసింది.”

“అప్పటికి నేను చేతులు చూస్తున్నానని మీకు తెలుసు కదండి.”

“తెలుసండి. కానీ...”

సత్యప్రమాణం చేయొచ్చు. కోరుకొండ నరసింహస్వామి మీద ఒట్టేయొచ్చు. ఒకసారి అబద్ధమాడిన చెయ్యి ఎన్ని ఒట్లేస్తే మాత్రం ఏం లాభం? వాళ్లమ్మ పంటు మీద మొహం తిప్పుకున్న ఆ ఘడియని, ఆయన జన్మంతా దాచుకున్నదాన్ని, తన చెయ్యి ఇప్పుడు ముట్టుకుని మైల చేసినట్టయింది.

“ఆ కొత్త కథ చెప్పండి బాబుగారూ,” అంది. “చెప్పండి. ఈసారి నోటితో చెబుతాను. బాలేకపోతే బాలేదంటాను.”

“ఇంకోసారి చెబుతాను లెండి.”

ఇంకోసారి! ఆ మాటకి అర్థమేంటో ఈ దేశంలో పుట్టిన ఎవరికి తెలియదు? పిల్ల నచ్చకపోయినా ఇంకోసారే, అప్పు ఇవ్వకపోయినా ఇంకోసారే.

అయినా ఆయన లేచి వెళ్లిపోలేదు. భోజనం వేళకి ఇంట్లో ఉన్న మనిషి తినకుండా వెళితే ఆవిడ ఏమనుకుంటుందోనని కూర్చున్నాడు. నూకరత్నం బొమ్మిడాయిలు దాకలో వేసి పులుసు పెట్టింది. ఏం వేసిందో ఏం మరిచిందో తెలియదు. విస్తరి వేసి వడ్డించింది. ఆయన తలొంచుకుని తిన్నాడు. “ఎలా ఉందండి?” అని అడిగింది, అలవాటు కొద్దీ.

“అమోఘంగా ఉందండి,” అని మళ్లీ వేయించుకున్నాడు.

ఆయన పంటెక్కిన కాసేపటికి బేబి బజారు నుంచి వచ్చింది. ఆకలి మీద అన్నం కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది.

“అత్తా, ఉప్పు వెయ్యలేదేంటే? ఉత్త చింతపండు నీళ్లలా ఉంది.”

నూకరత్నం వేలితో నాకి చూసింది. ఉప్పు లేదు. ఒక్క రవ్వ కూడా లేదు.

“బేబీ, ఆయనకి ఫోను కలుపే.”

నాలుగోసారి మోగాక ఎత్తాడు. గాలి హోరు, పంటు ఇంజను చప్పుడు.

“బాబుగారూ, నూకరత్నాన్నండి. పులుసులో ఉప్పు లేదండి.”

నూకరత్నం ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

“మీరు చెప్పలేదు. రెండుసార్లు వేయించుకున్నారు కూడా. చప్పగా ఉందని అనొచ్చు కదండి నాతో?”

“చప్పగానే ఉందండి,” అన్నాడు సదానందం గారు.

నూకరత్నం ఊపిరి పీల్చుకుంది. నిజమైన మాట ఒకటి వచ్చింది ఆయన నోట. దాని మీదే నిలబడి తనూ ఒకటి అనాలనుకుంది.

“అద్దరి మాత్రం నిజమండి. అప్పుడు నేను ఆపలేదు.”

అవతల ఎవరో ఆయన్ని టిక్కెట్టు అడుగుతున్నారు.

“సరేనండి,” అన్నాడు ఆయన. “ఉంటానండి.”

నూకరత్నం ఫోను బేబికి ఇచ్చేసింది.

“ఏమన్నారత్తా?” అంది బేబి.

“సరేనన్నారు,” అంది నూకరత్నం. గట్టు దాకా వెళ్లి, పంటు అవతలి రేవుకి చేరేదాకా చూస్తూ నిలబడింది. ఆయన ఇటు తిరిగి చూస్తే చెయ్యి ఊపాలో వద్దో ఆవిడకి తెలియలేదు. ఆయన తిరగలేదు.